ఇన్‌స్టాలో 4,300 ఫాలోవర్లు, నెలకి పాతిక ఆర్డర్లు.. ఏజెన్సీకి డబ్బులు కట్టేముందు

నాగోల్ నుంచి అడిగారు కదండీ, అమ్మ చేతి పచ్చళ్లు, పొడులు, పండగలకి సకినాలు అరిసెలు చేసి అమ్ముతున్నాం, పేజ్ పెట్టి ఎనిమిది నెలలైంది, 4,300 మంది ఫాలోవర్లు ఉన్నారు కానీ నెలకి పాతిక ఆర్డర్లు దాటట్లేదు, ఇప్పుడొక ఏజెన్సీ వాళ్లు నెలకి 15 వేలు ఇస్తే 20 పోస్టర్లు వేసి మూడు నెలల్లో 10 వేల ఫాలోవర్లని తెస్తాం అంటున్నారు, కట్టాలా వద్దా అని. ముందు దానికి జవాబు చెప్పేస్తా, కట్టొద్దు. ఎందుకో, అందులో మూడో వంతు కూడా ఖర్చు పెట్టకుండా ఏం చెయ్యొచ్చో రాస్తున్నా, కొంచెం పెద్దదే అయింది, తీరిగ్గా చదవండి.

నా సంగతి రెండు ముక్కల్లో. కేపీహెచ్‌బీలో మగ్గం వర్క్, బ్లౌజుల షాపు నడపబట్టి 11 ఏళ్లయింది. మా పిన్ని వనస్థలిపురంలో ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి అమ్ముతుంది, ఆవిడ వాట్సాప్, ఇన్‌స్టా రెండూ నాలుగేళ్లుగా నేనే చూస్తున్నా. మీ ప్రశ్న చదవగానే మా పిన్ని మొదటి ఏడాది గుర్తొచ్చింది, అచ్చం ఇదే పరిస్థితి, లైకులు వందల్లో ఉంటాయి, సీసా మాత్రం కదలదు.

ఏజెన్సీ విషయం ముందు. 2019లో నేనూ ఒకళ్లకి ఆరు నెలలు కట్టా. నెలకి 20 పోస్టర్లు అంటే ఏంటనుకున్నారు, ఉగాది శుభాకాంక్షలు, మదర్స్ డే, యోగా డే, ఫ్రెండ్‌షిప్ డే, వినాయక చవితి, కింద మూలకి మా షాపు లోగో. పండగ పూట అందరి ఫోన్లలోనూ అలాంటివి వంద వస్తాయి, మనది నూట ఒకటోది. అవి చూసి బ్లౌజ్ పీస్ పట్టుకుని షాపు మెట్లెక్కినవాళ్లు ఒక్కళ్లు లేరు. ఫాలోవర్లు మాత్రం 2 వేల నుంచి 9 వేలయ్యారు, ఒకరోజు కూర్చుని లిస్టు తెరిచి చూస్తే సగానికి సగం ఫొటో కూడా లేని అకౌంట్లు, పేర్లు చదవటానికే రావు. ఇలాంటి ఫాలోవర్ల వల్ల లాభం లేకపోగా నష్టం అండి, ఎందుకంటే ఇన్‌స్టా ఒక వీడియోని ఎంతమందికి చూపించాలో తేల్చుకునేది చూసినవాళ్లు ఎంతసేపు ఆగారు, లైక్ కొట్టారా, ఇంకొకళ్లకి పంపారా అన్నదాన్ని బట్టే ముఖ్యంగా, ఈ మాట 2025 జనవరిలో ఇన్‌స్టాగ్రామ్ హెడ్ ఆడమ్ మోస్సేరీయే చెప్పాడు, అందులోనూ మనల్ని ఫాలో అవ్వని కొత్తవాళ్ల దాకా వీడియో వెళ్లాలంటే ఒకళ్లు ఇంకొకళ్లకి పంపటమే ఎక్కువ పనిచేస్తుందట. డబ్బులిచ్చి తెచ్చిన ఫాలోవరు ఆగడు, పంపడు, చివరికి అల్లం పచ్చడి కొనడు.

దానికంటే పెద్ద దెబ్బ ఇంకోటి తగిలింది. పేజ్ వాళ్ల మెయిల్ ఐడీతో క్రియేట్ చేశారు, నేను పట్టించుకోలేదు. మానేస్తా అన్నాక పాస్‌వర్డ్ ఇవ్వటానికి రెండు నెలలు తిప్పించుకున్నారు, నా షాపు పేరు మీదున్న పేజ్‌లో నేను ఒక్క ఫొటో పెట్టలేకపోయా, శ్రావణమాసం సీజనంతా అలాగే పోయింది. అందుకని ఎవరి చేత పని చేయించుకున్నా సరే పేజ్ మీ ఫోన్ నంబరు, మీ మెయిల్ మీదే ఉండాలి, వాళ్లకి మెటా బిజినెస్ సూట్ (ఇన్‌స్టా, ఫేస్‌బుక్ పేజీలు చూసుకోటానికి మెటా కంపెనీయే ఇచ్చే యాప్) నుంచి యాక్సెస్ మాత్రం ఇవ్వండి, వద్దనుకున్న రోజు మీరే తీసేయొచ్చు.

ఇప్పుడు అసలు విషయం. నెలకి పాతిక, ఎనిమిది నెలలు, అంటే దగ్గర దగ్గర 200 ఆర్డర్లు. అందులో రెండోసారి కొన్నవాళ్లు ఎంతమందో మీరు రాయలేదు, బహుశా లెక్క పెట్టుకుని ఉండరు. తప్పు పట్టట్లేదండి, మొదట్లో ఎవరి దగ్గరా ఆ లెక్క ఉండదు. కానీ నన్నడిగితే మీ వ్యాపారం మొత్తం అక్కడే ఉంది. నలుగురున్న ఇంట్లో అరకిలో గోంగూర పచ్చడి నెలో నెలన్నరో వస్తుంది. అయిపోయాక ఆ ఇంటావిడకి మళ్లీ తినాలనే ఉంటుంది, కానీ ఎవరి దగ్గర కొన్నామో గుర్తు రాదు, ఇన్‌స్టాలో వెతికితే పచ్చళ్ల పేజీలు పాతిక కనపడతాయి, ఎందుకొచ్చిన గొడవ అని కింద కిరాణా షాపులో సీసా తెచ్చుకుంటుంది. మీ అమ్మగారి చేతి రుచి తెలిసిన మనిషి అలా జారిపోతుంటే, ఆ రుచి తెలియని 10 వేల మంది కోసం మూడు నెలలకి 45 వేలు పెట్టాలా అని మీరు ఆలోచిస్తున్నారు.

పైగా ఫాలోవర్లు ఎప్పుడూ మన చేతిలో ఉండరు. 2020 జూన్ 29న ప్రభుత్వం టిక్‌టాక్‌తో కలిపి 59 యాప్‌లు బ్యాన్ చేసింది గుర్తుంది కదా, మా లైన్లోనే చీరలమ్మే ఒకమ్మాయికి అందులో లక్షమంది పైన ఉండేవాళ్లు, ఒక్క నంబరు రాసిపెట్టుకోలేదు, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది పాపం. 2021 అక్టోబర్ 4 రాత్రి ఫేస్‌బుక్, ఇన్‌స్టా, వాట్సాప్ మూడూ కలిసి ఆరేడు గంటలు ఆగిపోయాయి, ఎల్లుండే ఎంగిలిపూల బతుకమ్మ, షాపులో రెడీ అయిన బ్లౌజులు గుట్టగా ఉన్నాయి, ఆ రాత్రి నోట్‌బుక్ తీసి నంబర్లున్నవాళ్లందరికీ ఒక్కొక్కళ్లకి ఫోన్ చేసి పొద్దున్నే రమ్మని చెప్పా. నంబరు లేనివాళ్లకి చెప్పలేకపోయా. అప్పటినుంచి నాకు ఒకటే లెక్క, ఇన్‌స్టా గానీ ఫేస్‌బుక్ గానీ గూగుల్ గానీ ఏది వాడినా, కొన్న మనిషి నంబరు మన ఫోన్లోకి రావాలి, మన నంబరు ఆ మనిషి ఫోన్లోకి వెళ్లాలి. ఆ రెండూ జరగని పోస్టు ఎంత బాగున్నా నాకు పనికిరాదు.

ఈ వారమే చెయ్యాల్సింది చెప్తా. వ్యాపారానికి వేరే సిమ్ తీసుకుని వాట్సాప్ బిజినెస్ యాప్ వెయ్యండి, ఫ్రీనే, 2018 నుంచి ఉంది. కేటలాగ్‌లో ఒక్కో పచ్చడికి ఒక ఫొటో, బరువు, రేటు. ఆ యాప్‌లో ఒక్కో చాట్‌కి తగిలించే గుర్తులు ఉంటాయి, లేబుల్స్ అంటారు, అవి నాలుగు చాలు, డబ్బులు రావాలి, ప్యాకింగ్, పంపేశాం, మళ్లీ అడగాలి. ఈ నాలుగోది మర్చిపోకండి. పంపిన నలభై రోజులకి ఆ లేబుల్ తెరిచి "గోంగూర అయిపోయి ఉంటుందేమోనండి, ఈసారి కారం సరిపోయిందా" అని ఒక్క లైన్ పంపటమే, అమ్మే మాట కూడా అక్కర్లేదు, సగం మంది వాళ్లే అడుగుతారు.

గ్రూపు మాత్రం పెట్టకండి. గ్రూపులో ఒకళ్లు గుడ్ మార్నింగ్ పెడతారు, ఇంకొకళ్లు రేటు బేరమాడతారు, మూడో ఆవిడ వాళ్ల చుట్టాల పచ్చళ్ల లింకు పెడుతుంది, పైగా అందరి నంబర్లూ అందరికీ కనపడతాయి, ఆడవాళ్లకి అది ఎంత ఇబ్బందో మీకు తెలుసు. బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడండి, ఒక్కో లిస్టులో 256 మంది వరకు పెట్టొచ్చు, ఎవరికి వాళ్లకి విడిగా మెసేజ్ వెళ్తుంది. ఒక మెలిక ఉంది, మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. మరి వాళ్ల చేత సేవ్ చేయించటం ఎలా అన్నదగ్గర మేం చాలా రోజులు తంటాలు పడ్డాం.

మా పిన్ని నంబరున్న లేబుల్ సీసా పక్కన అంటించేది. పచ్చడి సీసా సంగతి మీకు చెప్పక్కర్లేదు, రెండో రోజుకే అంచు నుంచి నూనె కారుతుంది, లేబుల్ జిడ్డోడుతుంది, గరిటె పట్టుకున్న చేత్తోనే సీసా పట్టుకుంటాం కాబట్టి పదిరోజులకి అక్షరాలు కనపడవు. సీసా అడుగంటిన రోజే కదా ఆవిడకి మన నంబరు కావాల్సింది, సరిగ్గా ఆ రోజుకి అది చెరిగిపోయి ఉంటుంది. ఒకసారి మా ఇంట్లో డైనింగ్ టేబుల్ మీదున్న ఖాళీ సీసా చూస్తే మూత పైభాగం ఒక్కటే శుభ్రంగా ఉంది. అంతే, బేగంబజార్‌లో సీసాలు కొన్నప్పుడు మూత కొలత తీసుకుని, ఆ సైజుకి గుండ్రటి స్టిక్కర్లు లామినేషన్‌తో చేయించాం. దాని మీద వాట్సాప్ క్యూఆర్, కింద "అయిపోయిందా? స్కాన్ చేసి హాయ్ అనండి" అని, ఇంకా చిన్నగా "నంబరు సేవ్ చేసుకుంటే కొత్త పచ్చడి కలిపిన రోజే మీకు చెప్తాం" అని. ఇంక మా పేరు, అడ్రస్, రూల్స్ ప్రకారం ఉండాల్సినవన్నీ పక్క లేబుల్ మీదే ఉంచాం. నాలుగో నెలకి వచ్చేసరికి మళ్లీ కొనేవాళ్ల ఆర్డర్లు కొత్తవాళ్ల ఆర్డర్లని దాటాయి, ఆ నాలుగు నెలల్లో ఫాలోవర్లు పెద్దగా పెరిగింది కూడా లేదు.

ఫోన్‌తో పాటు ఒక పొడుగు నోట్‌బుక్ పెట్టండి, ఇది నా పట్టుదల. మా పిన్ని పుస్తకంలో లైన్లు ఇలా ఉంటాయి: "మియాపూర్ ఆవిడ, గోంగూర అర, అత్తగారికి బీపీ, ఉప్పు తగ్గించాలి." "అల్వాల్ సార్, కొడుకు బెంగళూరు పీజీలో, నెలనెలా కందిపొడి." "మల్లాపూర్, వెల్లుల్లి వద్దు, మడి వంట." రెండోసారి ఆ మియాపూర్ ఆవిడ మెసేజ్ చేస్తే "ఉప్పు తగ్గించే పెట్టమంటారా, అత్తయ్యగారు ఎలా ఉన్నారు" అని అడుగుతుంది పిన్ని. ఆవిడ ఇప్పటికి తనవాళ్లని తొమ్మిది మందిని పంపింది, నేను లెక్క పెట్టా.

తర్వాత రేటు. మీరిచ్చిన పేజ్ తెరిచి చూశా, ఏ పోస్టులోనూ రేటు లేదు, కామెంట్లలో "ప్రైస్ ప్లీజ్" అని పదకొండు మంది, అందరికీ "డీఎం చేశాం" (అంటే విడిగా మెసేజ్ పెట్టాం) అని జవాబు. దయచేసి ఇది మానేయండి. మా షాపుకొచ్చే సైదాబాద్ పెద్దావిడ ఒకావిడ నన్ను మొహం మీదే అడిగేసింది, "రేటు చెప్పనోళ్ల కాడ ఏం కొంటం బిడ్డా, మొకం జూసి చెప్తరేమో అనిపిస్తది" అని. ఆ రోజు సాయంత్రమే అన్ని డిజైన్ల కిందా రేటు రాశా, ఇంత నుంచి ఇంత వరకు అని కాకుండా ఆ ఫొటోలో ఉన్న బ్లౌజ్‌కి సరిగ్గా ఎంత పడిందో అంత. పోటీవాళ్లు చూస్తారనే భయం ఉంటుంది, వాళ్లు కావాలంటే కస్టమర్‌లా ఫోన్ చేసి ఎప్పుడో కనుక్కుని ఉంటారు. మీది మార్కెట్ కంటే ఎక్కువ రేటైతే ఎందుకు ఎక్కువో చెప్పండి, నువ్వుల నూనె వాడతాం, కారం ఇంట్లో పట్టించింది, వెనిగర్ వెయ్యం అని, నిజమైతేనే చెప్పండి.

జవాబు ఇచ్చే తీరు మీద కూడా నాకు గట్టి అభిప్రాయం ఉంది. మనవాళ్లు మెసేజ్‌లు పెట్టేది రాత్రి భోజనాలయ్యాక, తొమ్మిదిన్నర నుంచి పదకొండు మధ్య, పిల్లలు పడుకున్నాక ఫోన్ పట్టుకుంటారు. ఆ టైములో "అల్లం పచ్చడి ఉందా" అని వస్తే పొద్దున "ఎస్ అవైలబుల్" అని పంపితే ఆ ఆశ అప్పటికే చల్లారిపోతుంది. ఉందా అంటే ఉంది అని చెప్పి ఊరుకోకండి, "ఉందండి, మంగళవారం పెట్టింది, పావు 150, అరకిలో 280, మీ ఏరియా చెప్తే డెలివరీ ఎంతవుతుందో చెప్తా, ఇప్పుడు చెప్తే రేపు సాయంత్రానికి చేరుతుంది" అని ఒకేసారి పంపండి. రేట్లు నేను ఉదాహరణకి రాశా, మీవి మీరు పెట్టుకోండి. ఇదే వాక్యం వాట్సాప్ బిజినెస్‌లో క్విక్ రిప్లై (ముందే రాసి పెట్టుకునే జవాబు) కింద దాచుకుంటే రెండు నొక్కుల్లో వెళ్తుంది. ఎవరైనా "ఇంత రేటా" అని వెటకారంగా అన్నా సరే మనం వెటకారం చెయ్యొద్దు, కోపంలో వాయిస్ మెసేజ్ అసలు పంపొద్దు, అది ఎక్కడెక్కడ తిరుగుతుందో మన చేతిలో ఉండదు. "అర్థమైందండి, పావు సీసాతో రుచి చూడండి" అని వదిలేయటమే.

ఇంక వీడియోలు. అమ్మ కెమెరా ముందుకి రానంటోంది అని రాశారు, రానక్కర్లేదండి, చేతులు చాలు. సకినాలు చుట్టేటప్పుడు ఎప్పుడైనా దగ్గరగా చూశారా, తడిపిన బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, గుడ్డ పరిచి, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య నుంచి పిండిని సన్నగా తిప్పుతూ చుట్టు మీద చుట్టు వేస్తారు, ఆ మెలికలో ఒక్కొక్కళ్ల చెయ్యి ఒక్కోలా ఉంటుంది. కిటికీ వెలుతురులో ఫోన్ ఒక స్టూలు మీద ఆనించి ఆ చేతులే ముప్ఫై సెకన్లు తియ్యండి. గాజుల చప్పుడు, పక్కన బాణలిలో నూనె చిటపట అలాగే ఉంచండి, సినిమా పాట పెట్టకండి, బిజినెస్ అకౌంట్లకి ఆ పాటల మీద హక్కులు ఉండవు, వీడియో మ్యూట్ అయిపోవచ్చు కూడా, అంతగా కావాలంటే మెటా సౌండ్ కలెక్షన్ అని వాళ్లే ఫ్రీగా ఇచ్చేవి ఉంటాయి. రేపు ఆవకాయ పెట్టినప్పుడు ముక్కల కొట్టుడు అందరూ తీస్తారు, మీరు మూడో రోజు తిరగేత తియ్యండి, జాడీ వాసెన విప్పి, మూత తీసి, తెడ్డుతో అడుగు నుంచి కలిపితే ఎర్రటి నూనె పైకి తేలుతుంది చూడండి, అప్పుడు అమ్మ తనకి తెలియకుండా ఏదో ఒకటి అంటుంది, "ఇప్పుడొచ్చింది రంగు" అనో "ఇంకాస్త ఉప్పు పడాలి" అనో, ఆ మాట వినపడితే చాలు, ఊళ్లో అమ్మ ఉన్న ప్రతి ఐటీ పిల్లాడూ ఆ వీడియో వాళ్లక్కకి పంపుతాడు.

చాలామంది సౌండ్ ఆపి చూస్తారు కాబట్టి స్క్రీన్ మీద పెద్ద తెలుగు అక్షరాల్లో ఏంటో ఒక్క ముక్క రాయండి. ప్రొఫైల్‌లో పేరు ఉండేచోట మీ బ్రాండ్ పేరు పక్కన "పచ్చళ్లు, పిండివంటలు, హైదరాబాద్" అని చేర్చండి, వెతికేవాళ్లకి ఆ పేరు లైనులో ఉన్న మాటలతోనే దొరుకుతారు. 2025 జులై నుంచి ప్రొఫెషనల్ అకౌంట్ల పబ్లిక్ పోస్టులు గూగుల్‌లో కూడా కనపడుతున్నాయి, కాబట్టి క్యాప్షన్‌లో ఎమోజీ బొమ్మలు తగ్గించి జనం వెతికే మాటలు రాయండి. రోజుకొకటి పెట్టాలనేం లేదు, వారానికి రెండు మంచివి చాలు, ఆదివారం రెండు గంటలు తీసుకుంటే నెలకి సరిపడా అయిపోతాయి.

వ్యూస్ చూసి మురిసిపోవద్దు, దిగులూ పడొద్దు. మా పిన్ని మనవడితో చేసిన ఒక సరదా రీల్ 2 లక్షల వ్యూస్ దాటింది, దానివల్ల వచ్చినవి మూడు ఆర్డర్లు. సీసా మూతకి టేపు చుట్టి, కవర్లో పెట్టి, దాని మీద బబుల్ చుట్టి, అట్టపెట్టెలో నిలబెట్టి, పెట్టె తలకిందులు చేసి ఊపి చూపించిన వీడియో 1,900 వ్యూస్ దగ్గర ఆగిపోయింది, దానికి పద్దెనిమిది ఆర్డర్లొచ్చాయి, అందులో బెంగళూరు, పుణె ఎక్కువ. దూరం నుంచి కొనేవాళ్లకి రుచి కంటే ముందు కారుతుందా అన్నది భయం, ఆ వీడియో ఆ భయాన్ని తీర్చింది.

ఆ వీడియో ఎందుకు తీశామంటే, అంతకుముందు ఒక పార్సిల్ దారిలో కారిపోయింది. ఆవిడ నూనెతో తడిసిన పెట్టె ఫొటో స్టోరీలో పెట్టి మమ్మల్ని ట్యాగ్ చేసింది. పిన్ని ఏడ్చినంత పని చేసింది, డిలీట్ చెయ్యమని బతిమాలదాం అంది. నేను వద్దన్నా. అదే స్టోరీకి "తప్పు మా ప్యాకింగ్‌దండి, ఇవాళే ఇంకోటి పంపుతున్నా, డబ్బులేం వద్దు" అని జవాబిచ్చి, సాయంత్రం ఆ రెండో పార్సిల్ ప్యాక్ చేస్తూనే వీడియో తీశాం. ఆవిడ పార్సిల్ అందగానే మళ్లీ స్టోరీ పెట్టింది. చెడ్డ రివ్యూకి అందరి ముందే మర్యాదగా జవాబివ్వండి, మీరెలాంటి మనుషులో కొత్తవాళ్లు అక్కడే చూస్తారు.

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (గూగుల్‌లో, మ్యాప్స్‌లో మీ వ్యాపారం కనపడేలా చేసేది) గురించి మీరు అసలు అడగలేదు, ముందు అది చెయ్యండి. ఫ్రీ. ఇంటి నుంచి చేస్తున్నారు కాబట్టి అడ్రస్ కనపడకుండా దాచి, నాగోల్, ఉప్పల్, ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ ఇలా మీరు డెలివరీ ఇచ్చే ఏరియాలు మాత్రం పెట్టొచ్చు. ఇన్‌స్టాలో జనం కాలక్షేపానికి చూస్తారు, "పచ్చళ్లు నియర్ మీ" అని గూగుల్‌లో కొట్టేవాళ్లు కొనటానికే కొడతారు. రివ్యూ రాయమని అడగండి, రాస్తే డిస్కౌంట్ అని మాత్రం చెప్పొద్దు, అది గూగుల్ రూల్స్‌కి విరుద్ధం.

యాడ్స్ అంటే, పోస్టు కింద ఉండే బూస్ట్ బటన్ నొక్కి డబ్బులు పెట్టే అలవాటు ఉంటే ఆపండి. మెటా వాళ్ల యాడ్స్ మేనేజర్‌లో "వాట్సాప్‌లో మెసేజ్ చెయ్యండి" అనే రకం యాడ్ తీసుకుని, మీ చుట్టూ కొన్ని కిలోమీటర్లకే పెట్టి, బాగా ఆడిన మీ సొంత వీడియోనే వాడి, రోజుకి 200 చొప్పున ఐదు రోజులు చూడండి, 18 శాతం జీఎస్టీ అదనం అని గుర్తుంచుకోండి. ఎంతమంది మెసేజ్ చేశారు, ఎంతమంది కొన్నారు, ఒక కొత్త కస్టమర్‌కి ఎంత పడింది అని నోట్‌బుక్‌లో రాయండి. ఒక మనిషికి 90 రూపాయలు పడి ఆవిడ ఏడాదికి ఆరుసార్లు కొంటే ఆ యాడ్ గెలిచినట్టే, ఒక్కసారే కొని పోతే ఓడినట్టే, అందుకే మూత మీద స్టిక్కరు లేకుండా యాడ్ పెట్టొద్దంటా.

ఫుడ్ వ్లాగర్లు వేలల్లో అడుగుతారు, మీకిప్పుడే అక్కర్లేదు. ఉప్పల్, నాగోల్ చుట్టుపక్కల నాలుగైదు వేల ఫాలోవర్లున్న చిన్న పేజీల వాళ్లకి సీసా పంపండి, నచ్చితేనే చెప్పమనండి. ఫ్రీగా ఇచ్చినా అది ప్రమోషన్ కిందే లెక్క, వీడియోలో ఆ మాట స్పష్టంగా చెప్పాలి, 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో ఉంది. దానికంటే మన దగ్గర గేటెడ్ కమ్యూనిటీల వీకెండ్ స్టాళ్లు బాగా పనిచేస్తాయి, అసోసియేషన్ వాళ్లని అడిగి ఒక టేబుల్ వేసుకుని, వేడన్నం, నెయ్యి, ఒక్కో ముద్ద రుచి చూపించండి, అక్కడ క్యూఆర్ స్కాన్ చేసినవాళ్లు ఎక్కడికీ పోరు.

తిండి వ్యాపారం కాబట్టి రెండు జాగ్రత్తలు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ ఇంట్లో చేసేవాళ్లకీ కావాలి, ఆ 14 అంకెల నంబరు లేబుల్ మీద, ఇన్‌స్టా బయోలో, వాట్సాప్ ప్రొఫైల్‌లో పెట్టండి, నమ్మకం దానంతటదే పెరుగుతుంది. మీ కరివేపాకు పొడి పోస్టులో "షుగర్ తగ్గుతుంది" అని ఉంది, ఇవాళే తీసేయండి, 2006 ఫుడ్ సేఫ్టీ చట్టంలో తప్పుదోవ పట్టించే ప్రకటనకి 10 లక్షల వరకు జరిమానా ఉంది, పైగా అది నమ్మి ఎవరైనా మందులు మానేస్తే ఆ పాపం మనకి ఎందుకండి.

డబ్బుల దగ్గర, పేమెంట్ స్క్రీన్‌షాట్ నమ్మి సరుకు పంపొద్దు, బ్యాంకు యాప్‌లో పడిందో లేదో చూశాకే పంపండి. డబ్బు మనకి రావటానికి యూపీఐ పిన్ ఎప్పుడూ కొట్టక్కర్లేదు, అమ్మకి కూడా ఇది చెప్పి ఉంచండి. "మీ పేజ్ మీద కాపీరైట్ కంప్లయింట్ వచ్చింది, ఈ లింకు నొక్కండి" అని వచ్చేవి చాలావరకు పేజ్ కొట్టేసేవాళ్ల పనులే, టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగేది) ఇవాళే ఆన్ చెయ్యండి. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి.

ఇప్పుడు మార్చి. మామిడికాయలు ఇంకో నెలలో దిగుతాయి, మీ వ్యాపారంలో ఏడాది మొత్తానికి పెద్ద సీజన్ ఇదే. జనం ఆవకాయ గురించి ఆలోచించటం మొదలుపెట్టాక పోస్టు పెడితే లేటు, మా షాపులో ఆషాఢంలో పెళ్లిళ్లు లేని టైములోనే శ్రావణం బ్లౌజుల బుకింగ్ మొదలుపెడతాం, మీరూ అంతే, కాయ రాకముందే జాడీ బుక్ అవ్వాలి. కాబట్టి ఈ ఆదివారం కూర్చుని ఆ 200 ఆర్డర్ల చాట్లు ఒక్కొక్కటీ తెరిచి పేరు, ఏరియా, ఏం కొన్నారు అన్నది పుస్తకంలోకి ఎక్కించండి, రెండు పూటలు పడుతుంది. వాళ్లలో సగం మంది ఇంకా మీ నంబరు సేవ్ చేసుకుని ఉండరు కాబట్టి ఈ మొదటిసారికి బ్రాడ్‌కాస్ట్ వద్దు, ఒక్కొక్కళ్లకీ విడిగా, రోజుకి ఇరవై మంది చొప్పున, వాళ్ల పేరు పెట్టి పంపండి. మా పిన్ని పోయినేడు పంపింది ఇది, మీకు తగ్గట్టు మార్చుకోండి:

"నమస్తే అండి, దసరాకి మా దగ్గర గోంగూర తీసుకున్నారు, గుర్తున్నామా? ఈసారి ఆవకాయ ఏప్రిల్ రెండో వారంలో పెడుతున్నాం. మొత్తం 60 కిలోలే, అంతకంటే ఎక్కువ నేను చెయ్యలేను. పాతవాళ్లకి ముందు చెప్తున్నా, కారం ఎక్కువ కావాలా, మామూలుగానా, వెల్లుల్లి వెయ్యాలా వద్దా చెప్తే మీ పేరు మీద రాసిపెడతా. డబ్బులు పచ్చడి కలిపాకే."